బియ్యం బస్తాల వెనక

రిదా చాటలో రాగులు చెరుగుతోంది. మట్టిబెడ్డలు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు. అయిదు నిమిషాల నుంచి ఆ చాటలో బెడ్డ అన్నదే లేదని ఎదురుగా పీట మీద కూర్చున్న సుశీల గమనించింది. శుభ్రమైన గింజల్నే ఆ పిల్ల మళ్లీ మళ్లీ ఎగరేస్తోంది.

గోడ గడియారంలో పదీ నలభై. పన్నెండింటికి జీపు వస్తుందని ఎస్సై జనార్ధన్ నిన్ననే చెప్పి పంపాడు. ఆడ కానిస్టేబుల్ పొద్దున్నించే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈలోగా ఏదీ తేలకపోతే, అత్తకు విషం పెట్టి చంపిన కోడలిగా ఇరవై ఆరేళ్ల రిదా ఈ గడప దాటుతుంది.

"ఇంకోపారి చెప్పు బిడ్డా. బేస్తవారం పొద్దటిసంది."

రిదా తల ఎత్తకుండానే చెప్పింది. తెల్లవారుజామున మూడున్నరకు సెహ్రీకి అందరూ లేచారు. నాలుగుంపావుకల్లా తినడం అయిపోయింది. ఆ తర్వాత అత్త మజీదా మంచినీళ్లు కూడా ముట్టలేదు, ఉపవాసంలోనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి వసారాలో కూర్చుని ఉండగా ఛాతీ పట్టుకుంది. ఊపిరి ఆడడం లేదంది. మూడూ అయిదుకు ప్రాణం పోయింది. కొడుకు ఇర్షాద్ ఆటో తెచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు.

ఇది నాలుగోసారి చెప్పడం. నిజం చెప్పేవాళ్లు రెండోసారి ఏదో ఒకటి మరిచిపోతారు, ఏదో ఒకటి కలుపుతారు. రిదా నాలుగుసార్లూ ఒక్క మాట అటూ ఇటూ కానివ్వలేదు.

సుశీల ఇరవై రెండేళ్లు పోలీసు శాఖలో చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగానే మానేసింది. మూడేళ్లుగా కొంపల్లిలో ఒక చిన్న గది తీసుకుని ప్రైవేటు విచారణలు చేస్తోంది. ఎక్కువగా పెళ్లి సంబంధాల ఆరాలే. నిన్న ఆదివారం మజీదా భర్త బాబా మియా శామీర్‌పేట అవతలి ఈ ఊరి నుంచి రెండు బస్సులు మారి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. కోడలు అలాంటిది కాదన్నాడు. తర్వాత చాలాసేపు టోపీని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నా పెండ్లాం రోజాతోని పోయిందమ్మా. ఉపాసంల పోయినోళ్లకు అంతకన్న మంచి సావు లేదని ఊరంత అంటున్నరు. గా ఒక్క మాట పట్టుకొని ఉన్న నేను."

ఎస్సై దగ్గరున్న ఆధారం ఒక్కటే, కాని గట్టిది. పోస్టుమార్టం చేసిన డాక్టరు, మజీదా చనిపోయే రెండు గంటల లోపే ఏదో తిన్నదని చెప్పాడు. కోడలు మాత్రం నీళ్లు కూడా తాగలేదంటోంది. కడుపులోని పదార్థాలు పరీక్షకు వెళ్లాయి, ఫలితానికి నెల పట్టవచ్చు. కాని కోడలు అబద్ధం చెబుతోందని రుజువైంది కదా, అరెస్టుకు అది చాలని జనార్ధన్ లెక్క.

ఫిర్యాదు ఇచ్చింది బాబా మియా కూతురు ఆఫ్షీన్. ముప్పై నాలుగేళ్లు. కొంపల్లిలో డైట్ సెంటర్ నడుపుతోంది. ముట్లుడిగిన ఆడవాళ్లకు అక్కడ ఒళ్లు తగ్గడానికి, ఎముకల బలానికి, నిద్ర పట్టడానికి తిండి చెబుతారు. రెండు నెలలుగా వదిన తన తల్లికి అవిసె గింజల పొడి, రాగి జావ ఇస్తోందనీ, అందులో ఏదో కలిపిందనీ ఆమె ఫిర్యాదు. పోలీసులు పొడి సీసా పట్టుకుపోయారు.

సుశీల లేవబోయింది. అంతలో మెడ కింద మొదలై చెవుల దాకా సెగ ఎగసింది. క్షణంలో జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ గోడ పట్టుకుని నిలబడింది.

గుమ్మంలో నిలబడి ఉన్న ఆఫ్షీన్ ఇది చూసి దగ్గరికొచ్చింది. నాలుగు రోజుల ఏడుపుతో కళ్లు ఉబ్బి ఉన్నాయి, అయినా గొంతులోకి వృత్తి ధోరణి వచ్చేసింది. "ఆవిర్లా ఆంటీ? ఎన్నేండ్లాయె ఆగిపోయి?"

రెండేళ్లని చెప్పింది సుశీల.

"నా సెంటర్‌కు రండి. పదిహేను రోజులల్ల బందైతయి. టాబ్లెట్ లేదు, సూది లేదు. అంత తిండితోనే."

సుశీల తల ఊపింది. బొల్లారంలో తను చూపించుకునే డాక్టరమ్మ కూడా అవిసెలు, సోయా, రాగులు, పెరుగు తినమనే చెప్పింది. ఎముకలకు మంచిదంది. ఆవిర్లు వాటితో తగ్గితే నెలల మీద కొద్దిగా తగ్గుతాయి, కొందరికి అసలు తగ్గవు, ఆశ పెట్టుకోవద్దని కూడా అంది. తను ఏడాదిగా తింటోంది. తగ్గలేదు.

పదిహేను రోజులు. సుశీల ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టి, సామాన్ల అర్రలోకి వెళ్లింది.

కిటికీ లేని చిన్న అర్ర. పై గోడకు జానెడు వెలుతురు కన్నం. బియ్యం బస్తాలు ఆరు నిలువుగా ఉన్నాయి, గోడకూ వాటికీ మధ్య మనిషి పట్టేంత జాగా. ఆ జాగాలో కూరగాయలు తరిగే చిన్న పీట, మూత పెట్టిన నీళ్ల సీసా. ఎస్సై ఇక్కడే పళ్లెం దొరికిందని దాన్ని స్వాధీనం చేసుకున్నాడు. అందులో రొట్టె ముక్క, అరటి తొక్క ఉన్నాయట.

సుశీల పీట మీద కూర్చుని చూసింది. తలుపు కనిపించలేదు. అంటే తలుపు దగ్గర నిలబడినవాళ్లకు ఇక్కడ కూర్చున్న మనిషి కనిపించదు. చేతిని బస్తాల కిందకు పోనిచ్చి తడిమింది. ముడి వేసిన ప్లాస్టిక్ సంచీ ఒకటి తగిలింది. విప్పితే అరటి తొక్కలు. ఆరు. అన్నిటికన్నా కిందిది నల్లగా ఎండి, వంచితే విరిగేలా ఉంది. పైది ఇంకా గోధుమ రంగులో మెత్తగా ఉంది. ఒక్క రోజు తిన్నవి కావవి. రోజుకొకటి.

"రిటైరైనోళ్లు ఇంట్ల కూసొని సీరియళ్లు చూడాలె అక్కా. బస్తాల నడుమ దూరుడేంది?"

జనార్ధన్ అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. పదకొండూ పది. ఇద్దరూ ఒకే బ్యాచ్ కానిస్టేబుళ్లు. అతను పరీక్షలు రాసి ఎస్సై అయ్యాడు, ఆమె ఉద్యోగం వదిలేసింది. ఆ సంగతి ప్రతి కలయికలోనూ అతను ఏదో ఒక రకంగా గుర్తు చేస్తాడు.

సుశీల లేవలేదు. పళ్లెం గురించి అతని లెక్కేమిటో అడిగింది. అతను వేళ్లు మడుస్తూ చెప్పాడు. కోడలు ముసలామెను ఇక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది, ఏదో మాయమాట చెప్పి ఉపవాసం విడిపించింది, విషం తినిపించింది. ఎవరూ చూడకూడదనే ఈ మూల.

"ఒక్కపారి తిన్నదా, ఏడు దినాలు తిన్నదా?" సుశీల సంచీ చూపించింది. "విషం పెట్టెటోళ్లు రోజుకో అరటిపండు ఇచ్చుకుంట వారం ఆగుతరా జనార్ధన్?"

"తొక్కలతోని కేసు నడవది. ఆ పిల్ల అబద్ధం చెప్పింది. ఎందుకు చెప్పిందో నువ్వు చెప్పు, ఇడిసి పెడ్త. పన్నెండు దాకనే చూస్త."

అతను వసారాలోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. సుశీల పీట మీదే ఉండిపోయింది. ఉపవాసాల నెలలో, పట్టపగలు, తలుపుకు కనిపించని చోట కూర్చుని తినే మనిషి. తొక్కలు చెత్తలో కూడా వేయకుండా దాచే మనిషి.

ఏడో తరగతిలో తన పక్కన కూర్చునే రిజ్వానా గుర్తొచ్చింది. రంజాన్ నెలలో కొన్ని రోజులు ఆ పిల్ల బడి మరుగుదొడ్ల వెనక్కి వెళ్లి జామకాయ తినేది, సుశీల కాపలా ఉండేది. నెలసరిలో ఉపవాసం ఉండకూడదు, ఉండనక్కర్లేదు. కాని ఆ సంగతి ఇంట్లో మగవాళ్లకు తెలియకూడదు. అందుకని ఆ రోజుల్లోనూ ఆడవాళ్లు సెహ్రీకి లేస్తారు, సాయంత్రం అందరితోపాటు ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. పగలు మాత్రం ఎక్కడో ఒక మూల ఇంత తింటారు. రిజ్వానా ఇదంతా గుసగుసగా చెప్పింది.

పడుచు పిల్లలు చేసే పని. మజీదాకు యాభై ఆరేళ్లు.

సుశీల రిదాను అర్రలోకి పిలిచి తలుపు గడియ వేసింది. పదకొండూ ఇరవై.

"అమ్మీకి ఎప్పుడు మొదలైంది?" అని మాత్రం అడిగింది.

రిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు వైపు చూస్తూ మాట్లాడింది. ఆరేళ్ల కింద ఆగిపోయినది పద్నాలుగో రోజా నాడు మళ్లీ కనిపించిందట. మొదట మజీదా నవ్వింది, ఖుదా తనకు వయసు తిరిగిచ్చాడని. తర్వాత సిగ్గుపడింది. కోడలి చేత ఒట్టు వేయించుకుంది. నమాజు వేళకు అర్రలో తలుపు వేసుకుని ఊరికే కూర్చునేది. ఆ ఏడు రోజులూ ఒంటిగంటన్నరకు రిదాయే ఇక్కడికి రొట్టె, అరటిపండు తెచ్చి ఇచ్చేది. చివరి రోజు కూడా.

"పోలీసోళ్లు అడిగిననాడు ఎందుకు చెప్పకపోతివి?"

"మామ అక్కడనే కూసున్నడు ఆంటీ. నా మర్ద్ ఉన్నడు. గంతమంది మగోళ్ల ముంగట గా మాట ఎట్ల అంట?" రిదా కళ్లు తుడుచుకుంది. "ఇంకోటి. రోజాతోని పోయింది, రోజాతోని పోయింది అని మామ రోజుకు నూరుసార్లు అంటుండు. కాదని నేనెట్ల చెప్త?"

ఆగిన రక్తం మళ్లీ కనిపించడం, ఊపిరి ఆడకపోవడం, రెండూ కలిపి చూసుకుంది సుశీల. ఈ మధ్య అత్తకు కాళ్లేమైనా నొచ్చాయా అని అడిగింది. కుడి పిక్క నాలుగు రోజులు వాచి ఉందని, వేడిగా తగిలేదని, పసుపు కట్టు కట్టానని రిదా చెప్పింది. తిండిలో అవిసెలూ జావా కాక ఇంకేముంది? ఆఫ్షీన్ ఇచ్చిన మెంతి లడ్డూలు. నెలన్నరగా, రోజుకొకటి, ఉపవాసాలు మొదలయ్యాక సెహ్రీలో. వాటితో ఆవిర్లు నిజంగానే తగ్గాయి, రాత్రి నిద్ర పట్టింది. మజీదా ఊరంతా చెప్పుకుంది, నా బిడ్డ హకీమని.

"డబ్బా ఏది?"

ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. అరుగు మీద స్టీలు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఉప్పు సీసా పక్కన మాత్రం గుండ్రంగా ఖాళీ. గోడ పగులులోంచి చీమలు బారుగా వచ్చి, ఏ డబ్బా దగ్గరా ఆగకుండా, ఆ ఖాళీలోకి పోతున్నాయి. సుశీల వంగి చూసింది. గోడ మూలలో చిటికెడు లడ్డూ పొడి. కాగితం మడతలోకి ఎత్తింది.

డబ్బా ఆఫ్షీన్ తీసుకుపోయిందని రిదా చెప్పింది. బేస్తవారం మూడూ నలభై అయిదుకు వచ్చింది. చెప్పులతోనే నేరుగా వంటింట్లోకి వెళ్లి, డబ్బాను బురఖా కింద పెట్టుకుంది. ఆ తర్వాతే తల్లి మీద పడి ఏడ్చింది. అమ్మ గుర్తుగా తీసుకుందని రిదా అనుకుంది.

పదకొండూ ముప్పై అయిదుకు సుశీల పెరట్లోంచి పోస్టుమార్టం డాక్టరు వెంకటరామయ్యకు ఫోన్ చేసింది. పాత పరిచయం. రిపోర్టు ఇంకా టైపు కాలేదన్నాడాయన. ఎస్సై ఫోన్ చేసి కడుపులో తిండి ఉందా, ఎన్ని గంటల కిందటిది అని అడిగి, మిగతాది వినకుండా పెట్టేశాడట.

"మిగతాదేంది సార్?"

"ఊపిరితిత్తికి పోయే పెద్ద రక్తనాళంలో గడ్డ ఉందమ్మా. వేలంత. పిక్కలో కట్టి పైకి పోయినట్టుంది. విషం సంగతి ల్యాబ్ చెప్పాలి గాని, మనిషిని చంపింది మాత్రం అదే."

గర్భసంచి చూశారా అని అడిగింది సుశీల. లోపలి పొర బాగా మందంగా ఉందని, ఆ వయసుకు అలా ఉండకూడదని, హార్మోను మాత్రలేమైనా వాడిందా అని తనకూ అనుమానం వచ్చిందని డాక్టరు చెప్పాడు.

ఆమె వసారాలోకి వచ్చేసరికి పదకొండూ నలభై అయిదు. బాబా మియా మంచం మీద, ఇర్షాద్ గోడకు ఆనుకుని, ఆఫ్షీన్ స్తంభం దగ్గర. జనార్ధన్ చేతిలో కాగితాలు ఉన్నాయి. సుశీల ముందు బాబా మియా దగ్గరికి వెళ్లి, తను చెప్పబోయే మాటకు క్షమించమంది. ఆ తర్వాత చెప్పింది. రక్తం కనిపించడం, దాచుకు తినడం, వాచిన పిక్క, ఊపిరితిత్తిలో గడ్డ, హార్మోను మాత్రలేమోనన్న డాక్టరు అనుమానం. మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి.

బాబా మియా కళ్లు మూసుకున్నాడు. "రోజాతోని పోలేదా?"

"ఉండనక్కర లేని దినాలల్ల పోయింది భాయ్. తప్పేం లేదు. మీకు ఆ బాధ కూడ ఉండొద్దని, జైలుకు పోనీకె సిద్ధపడ్డది మీ కోడలు."

ముసలాయన కళ్లు తెరిచి గుమ్మంలో నిలబడ్డ రిదాను చూశాడు. ఇర్షాద్ తల దించుకున్నాడు.

జనార్ధన్ మాత్రం ఒప్పుకోలేదు. గడ్డ ఎవరికైనా కట్టవచ్చన్నాడు. అవిసె పొడిలో హార్మోను కలపలేదని ఎవరు చెప్పాలన్నాడు.

"కోడలు అవిసె పొడి సీసా అట్లనే అరుగు మీద ఉంచింది. నువ్వే తీసుకపోయినవు. లడ్డూల డబ్బ మాత్రం నడిచిపోయింది." సుశీల కాగితం మడత విప్పి చూపింది. "ఆఫ్షీన్, పదిహేను రోజులల్ల ఆవిర్లు ఆపే తిండి ఈ దునియాల లేదు బిడ్డా. మాత్రలు ఎన్ని నూరుతవు లడ్డూకు?"

మెంతులు, గోందు బంక, అవిసెలు తప్ప ఏమీ లేవంది ఆఫ్షీన్. సుశీల ఆమెకు ఎదురుగా నిలబడి, కోపం లేకుండా మాట్లాడింది. ఆ హార్మోను మాత్రలు కొందరికి మేలే చేస్తాయి, కొందరికి కాళ్లలో రక్తం గడ్డ కట్టిస్తాయి. అందుకే డాక్టరు పరీక్షించాలి, బీపీ చూడాలి, రక్తం గడ్డకట్టే తత్వం ఉందేమో అడగాలి. గర్భసంచి తీసేసినవాళ్లకు ఒక రకం సరిపోతుంది. ఉన్నవాళ్లకు దానితోపాటు రెండో రకం కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే లోపలి పొర పెరిగి మళ్లీ రక్తం కనిపిస్తుంది. ఇవన్నీ తన డాక్టరమ్మ తనకు చెప్పిన మాటలే.

ఆఫ్షీన్ స్తంభం పక్కనే నేల మీద కూర్చుంది.

"నా దగ్గరికొచ్చేటోళ్లంత ఆపరేషనైనోళ్లే ఆంటీ." ఆమె ఎవరి వైపూ చూడలేదు. "ముప్పై అయిదుకే, నలభైకే సంచి తీసేయించుకున్నోళ్లు. రెండేండ్లసంది ఇస్తున్న, ఒక్కరికి ఏం కాలే. అమ్మీకి రాత్రిళ్లు నిద్ర లేకుంటుండె. నేను... అమ్మీకి సంచి ఉందన్న ముచ్చటే నా దిమాగ్‌ల రాలే."

అన్న ఫోన్ చేసి ఊపిరి ఆడలేదనగానే అర్థమైందట. లోకం తనను తల్లిని చంపిన కూతురంటుందని భయపడింది. కొంపల్లి నుంచి వచ్చే ఆ అరగంటలోనే వదిన పేరు నోట్లోకి వచ్చింది.

"భాభీ" అంది, రిదా వైపు తిరిగి. రిదా గుమ్మం దగ్గరి నుంచి కదల్లేదు.

"అది తర్వాత" అంది సుశీల. "నీ లడ్డూలు కొత్తగ మొదలువెట్టినోళ్లు ఇంకెవరన్న ఉన్నరా? గడ్డ కట్టే భయం మొదటి నెలలల్లనే ఎక్కువ. ఇప్పుడు చెప్పు. వాళ్ల పిక్కలు ఇయ్యాలనే చూడాలె."

ఆఫ్షీన్ వేళ్ల మీద ఏవో పేర్లు లెక్కపెట్టుకుంది. మచ్చ బొల్లారంలో ఒక టీచరమ్మ. తలనొప్పి వస్తోందని ఆమె పోయిన నెలే మానేసింది. ఇంకొకరు ఉన్నారు. ఆ పేరు దగ్గర ఆఫ్షీన్ ఆగిపోయింది. తల ఎత్తి, కాగితాలు పట్టుకుని నిలబడ్డ జనార్ధన్ వైపు చూసింది.

"మీ ఇంట్ల మేడం, సార్."

కాగితాలు తిప్పుతున్న అతని చెయ్యి ఆగిపోయింది. ఎప్పటి నుంచి అని అడిగాడతను. నెలన్నర అంది ఆఫ్షీన్. మీకు చెప్పొద్దన్నారు, మీరు నవ్వుతారని.

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. రెండుసార్లు తప్పు మీట నొక్కాడు. అవతల ఎత్తారు.

"కాళ్లు ఎట్లున్నయి?" అన్నాడు, ఏ ముందుమాటా లేకుండా. విన్నాడు. "కాదు, ఊకెనే అడుగుతున్న. చెప్పు." మళ్లీ విన్నాడు. వసారాలో అందరికీ ఆ ఫోన్లోని ఆడగొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు. "ఎన్నిరోజులాయె? ఏ కాలు?"

"కుడి పిక్కనా?" అన్నాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంది.

"నడవనియ్యకు, పిక్క రుద్దనియ్యకు" అంది సుశీల, దగ్గరికి వెళ్లి. "అంబులెన్సుకు చెయ్యి. పెద్దాసుపత్రికే తీసుకపో. లడ్డూల సంగతి మొదలే చెప్పు, దాచకు."

అతను విన్నాడో లేదో తెలియలేదు. అరెస్టు కాగితాలను మంచం మీద, బాబా మియా పక్కన పెట్టాడు. అతని టోపీ కుర్చీలోనే ఉంది. వసారా మెట్లు దిగి వాకిలి దాటుతుంటే గేటు దగ్గర కానిస్టేబుల్ లేచి నిలబడి, "సార్, కోడలు పిల్లను జీపు ఎక్కించమంటరా?" అని అడిగింది. జనార్ధన్ ఆమెను చూడలేదు. అంబులెన్సు నంబరు నొక్కుతూ గేటు దాటి వెళ్లిపోయాడు.